కమ్మరి నిద్రలో... కొలిమి పనిలో!

కొలిమి మండుతోంది. దాగలి మీద సుత్తి దెబ్బలు ఆగకుండా పడుతున్నాయి. ఒక బాకు తయారైంది. దాన్ని పక్కన పెట్టీ పెట్టగానే ఇంకొకటి మొదలైంది. అర్ధరాత్రి దాటింది. ఒంటిగంట, రెండు, మూడు. సుత్తి ఆగలేదు. కమ్మరి మాత్రం అక్కడ లేడు. పక్కగదిలో దుప్పటి కప్పుకొని హాయిగా నిద్రపోతున్నాడు. తెల్లవారి లేచేసరికి అతని పనితనం నిన్నటికంటే పెరిగి ఉంటుంది!

ఇది కట్టుకథ కాదు, కనికట్టూ కాదు. కంప్యూటర్ తెరమీద ఆడే ఒక ఆటలో పాతికేళ్ల కిందటినుంచి జరుగుతున్న తంతు. ఆ కొలిమి, ఆ సుత్తి, ఆ బాకు అన్నీ తెరమీది బొమ్మలే. నిద్రపోతున్న మనిషి మాత్రం నిజం. అతనికి బదులు రాత్రంతా సుత్తి కొట్టిన దాని పేరు 'మ్యాక్రో'.

మ్యాక్రో అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. పది మీటలు వరుసగా నొక్కితే జరిగే పనిని ఒక్క మీటకు అప్పగించడమే. ముందు ఇది చెయ్యి, తర్వాత రెండు సెకన్లు ఆగు, ఆపైన అది చెయ్యి, మళ్లీ మొదటికి రా అని రాసిపెట్టిన చీటీ అనుకోండి. జీతగాడికి పొద్దున్నే పనులు పురమాయించి యజమాని ఊరెళ్లినట్టన్నమాట. తేడా ఒక్కటే. ఈ జీతగాడికి ఆకలి లేదు, అలుపు లేదు, విసుగు అంతకంటే లేదు.

ఆటే గదా, ఎవరు ఎలా ఆడుకుంటే మనకేమిటి అనిపించవచ్చు. కానీ ఈ ఆట ఒంటరిగా ఆడేది కాదు. దేశదేశాలవాళ్లు ఇంటర్నెట్ ద్వారా ఒకే లోకంలో చేరి ఆడతారు. అక్కడ ఊళ్లున్నాయి, అంగళ్లున్నాయి, గనులున్నాయి. ఒకడు కత్తి చేస్తే ఇంకొకడు కొంటాడు. ఒకడు నిద్రలో వెయ్యి కత్తులు చేస్తే, మేలుకొని పది చేసినవాడి సరుకు ఏమవుతుంది? తగవు అక్కడే మొదలైంది.

ఇనుము తవ్వినవాడికే తెలుసు

ఈ ఆటల్లో పెద్దది అనదగ్గది 'అల్టిమా ఆన్‌లైన్'. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో ఉన్న ఆరిజిన్ సిస్టమ్స్ అనే సంస్థ 1997 సెప్టెంబర్‌లో దీన్ని విడుదల చేసింది. రిచర్డ్ గారియట్ దీని మూలపురుషుడు. ఆట రూపకల్పనకు నాయకుడు రాఫ్ కోస్టర్. డబ్బు కట్టి ఆడేవారు లక్షమంది చేరిన మొదటి ఆట ఈ కోవలో ఇదే.

బ్రిటానియా అనే ఊహాలోకంలో ఈ ఆట నడుస్తుంది. అంతకుముందు ఇలాంటి ఆటలు చాలావరకు రాక్షసులను చంపడం, నిధులు దోచుకోవడం చుట్టూ తిరిగేవి. ఇందులో విశేషం ఏమిటంటే, కత్తి పట్టకుండానే బతకవచ్చు. కమ్మరిగా, దర్జీగా, వడ్రంగిగా, వంటవాడిగా, జాలరిగా కాలం వెళ్లదీయవచ్చు. నేర్పు పెరగడానికి అక్కడ పరీక్షలేమీ లేవు. పని చేస్తూ పోతే పనే నేర్పుతుంది. ఈ ఏర్పాటు మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు.

కమ్మరి సంగతే చూద్దాం. ముందు గనికి వెళ్లాలి. ఉత్తరాన మినోక్ అనే గనుల ఊరు ఉంది. పలుగు పట్టి కొండను తవ్వితే ఇనుప రాయి దొరుకుతుంది. ఒకచోట తవ్వుతూ ఉంటే కాసేపటికి అక్కడ అయిపోతుంది. మళ్లీ ఊరేదాకా ఇంకోచోటికి జరగాలి. రాయి బరువు. మోయలేకపోతే బరువులు మోసే గుర్రాన్ని కొని వెంట తోలుకుపోవాలి. ఆట వచ్చిన మొదటి ఏళ్లలో గని బయట దొంగలు కాపు వేసేవారు. రాయి మోసుకొస్తున్న పనివాణ్ణి చంపి మూట లాక్కొనేవారు. ఆ బాధ పడలేక చాలామంది మొరపెట్టుకోగా 2000లో లోకాన్ని రెండుగా చీల్చి, ఒకదానిలో ఒకరినొకరు చంపుకోవడాన్ని నిషేధించారు.

రాయి తెచ్చాక కొలిమిలో కరిగిస్తే కడ్డీలవుతుంది. బాకుకు మూడు కడ్డీలు చాలు. ఛాతీకి తొడిగే ఉక్కు కవచానికి 25 కావాలి. చెయ్యి కుదరకపోతే కడ్డీలు పాడైపోతాయి. నేర్పు మొదట్లో సున్నా నుంచి 100 దాకా ఉండేది. పెరిగేది ఒక్కొక్కసారికి పదోవంతు. అంటే వందకు చేరాలంటే వెయ్యి చిన్న మెట్లన్నమాట. పోనీ సుత్తి ఎత్తినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కుతామా అంటే, అదీ లేదు. పైకి పోయేకొద్దీ వందల దెబ్బలకు ఒకసారి కనికరిస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది. తేలికైన పని ఎంత చేసినా ఒక దశ దాటాక ఏమీ నేర్పదు. బాకులు కొట్టడం వచ్చినవాడు మళ్లీ బాకులే కొడుతూ కూర్చుంటే ఉన్నచోటే ఉంటాడు. కష్టమైన సరుకుకు పోవాలి, కడ్డీలు తగలేసుకోవాలి. ఒక మనిషికి అన్ని విద్యలూ కలిపి 700 మించకూడదని కట్టడి పెట్టారు. కాబట్టి అన్నీ ఒక్కడే నేర్చుకోలేడు, ఒకరి సరుకు ఇంకొకరు కొనక తప్పదు.

ఇంత కష్టం ఎందుకంటే, 100 చేరినవాణ్ణి గ్రాండ్‌మాస్టర్ అంటారు. అతను చేసిన మేలైన కవచం మీద అతని పేరు పడుతుంది. ఎవరు కొన్నా, ఎంత దూరం పోయినా ఫలానావాడు చేసినది అని కనిపిస్తుంది. మంచి కత్తి చేసిన కమ్మరి పేరు నాలుగూళ్లలో చెప్పుకొన్నట్టే. ఆ పేరు కోసం నెలల తరబడి దాగలిని వదలనివాళ్లు ఎందరో.

చీటీ రాసిన చెయ్యి

విసుగు పుట్టిన చోట ఉపాయం పుట్టింది. తమాషా ఏమిటంటే మొదటి ఉపాయం ఇచ్చింది ఆట తయారుచేసినవారే. అల్టిమాలోనే మ్యాక్రోలు కట్టుకొనే సదుపాయం ఉంది. 'ఇంతకుముందు వాడిన వస్తువునే మళ్లీ వాడు', 'ఇంతకుముందు చూపిన చోటే మళ్లీ చూపు' అనే రెండు ఆదేశాలను ఒక మీటకు తగిలిస్తే చాలు. మొదటిది పలుగును చేతికి తెస్తుంది, రెండోది రాతి మీద వేస్తుంది. మీట నొక్కినప్పుడల్లా ఒక దెబ్బ. ఆ మీట మీద నాణెం బరువు పెట్టి భోజనానికి వెళ్లిన మహానుభావులూ ఉన్నారు!

తర్వాత బయటివాళ్లు రాసిన ప్రోగ్రాములు వచ్చాయి. 'యూఓ అసిస్ట్' అనే దానికి సంస్థే ఆమోదముద్ర వేసింది. 'ఈజీ యూఓ' అనే దానికి వెయ్యలేదు. ఈ రెండోది మామూలు చీటీ కాదు. బరువు ఎక్కువైందా లేదా చూస్తుంది. రాయి అయిపోతే పక్కకు జరుగుతుంది. కొలిమికి తీసుకుపోయి కరిగిస్తుంది. కత్తి చేస్తుంది. కత్తి అమ్ముడుపోదని తెలుసు కాబట్టి దాన్నే మళ్లీ కొలిమిలో వేసి కొన్ని కడ్డీలు వెనక్కి రాబడుతుంది. మళ్లీ కత్తి చేస్తుంది. నేర్పు పెరిగేకొద్దీ బాకు మానేసి కవచానికి మారేలా కూడా రాయవచ్చు.

దర్జీలదీ ఇదే బాట. గొర్రె ఉన్ని కత్తిరించడం, రాట్నం మీద వడకడం, మగ్గానికి ఎక్కించడం, కత్తెరతో గుడ్డ కోయడం, కుట్టడం. ఒక్కొక్కటి చేత్తో చేస్తే మొదటిరోజు ముచ్చటగా ఉంటుంది. నలభయ్యో రోజున ఎవరికైనా తల తిరుగుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి చీటీ రాయడం అందరివల్లా కాదు. ఏ సరుకు ఏ దశలో నేర్పు పెంచుతుందో, ఎన్ని కడ్డీలు దండగవుతాయో, ఎంతసేపు ఆగాలో లెక్క కట్టాలి. అలా రాసినవాడు కమ్మరిపని ఎగ్గొట్టాడేమో గాని, బుర్రకు పని ఎగ్గొట్టలేదు. ఇంకొకడు రాసినది తెచ్చుకొని మీట నొక్కి పడుకొన్నవాడి సంగతి వేరు.

ఎర్ర అంగీవాడు వచ్చాడు

సంస్థ కూడా ఊరుకోలేదు. ఆ లోకంలో తిరిగే కాపలా అధికారులు ఉండేవారు. గేమ్ మాస్టర్లు అనే ఈ అధికారులు ఎర్ర అంగీలో కనిపించేవారు. గనిలో గంటల తరబడి ఒకే తీరుగా పలుగు వేస్తున్నవాడు కనిపిస్తే ఎదురుగా వచ్చి నిలబడి పలకరించేవారు. అవతల మనిషి ఉంటే జవాబు ఇస్తాడు. జవాబు లేకపోతే దొరికిపోయినట్టే. హెచ్చరిక దగ్గరనుంచి ఖాతా మూసివేతదాకా శిక్షలు ఉండేవి.

గమనించండి. మ్యాక్రో వాడటం తప్పని సంస్థ అనలేదు. మీట సదుపాయం తనే ఇచ్చింది గదా! మ్యాక్రో నడుస్తున్నప్పుడు మనిషి అక్కడ లేకపోవడం తప్పంది. కొలిమి దగ్గర కూర్చొని తిత్తి ఊదడానికి యంత్రం పెట్టుకుంటే ఎవరూ కాదనరు. కొలిమి వదిలి పోతేనే పేచీ. ఈ గీత సబబైనదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే గీత గీసినంత సులువు కాదు కాపాడటం. పలకరింపు వినగానే గంట మోగించి యజమానిని నిద్రలేపే మ్యాక్రోలు వచ్చాయి. కాపలా అధికారులేమో కొద్దిమంది, కొండలు తవ్వేవాళ్లు వేలు.

నష్టం ఎవరికి అన్నది అసలు ప్రశ్న. మొదట్లో కోస్టర్ బృందం ఒక చక్కని ఊహ చేసింది. లోకంలో ఉన్న ఇనుము, ఉన్ని, తోలు అన్నీ ఒక లెక్క ప్రకారమే ఉంటాయి. వాడిన సరుకు అరిగిపోతే ఆ ముడిపదార్థం మళ్లీ నేలకు చేరుతుంది, అప్పుడే కొత్తది పుడుతుంది. కాగితం మీద బాగానే ఉంది. ఆటలో దిగినవాళ్లు మాత్రం దొరికిందల్లా తెచ్చి పెట్టెల్లో దాచారు. నేలకు తిరిగి చేరేది లేక కొత్త సరుకు పుట్టడం ఆగింది. చివరకు ఆ కట్టుబాటు వదిలేసి, ముడిసరుకు ఎప్పటికప్పుడు ఊరేలా మార్చారు. ఊరడం మొదలయ్యాక మ్యాక్రోలకు పండుగే పండుగ.

నేర్పు కోసం చేసే సరుకు ఎవరికో అవసరమై చేసింది కాదు. ఎవరూ అడగని కత్తులు, ఎవరూ తొడగని చొక్కాలు గుట్టలు పడ్డాయి. గ్రాండ్‌మాస్టర్లు వీధికి పదిమంది అయ్యారు. నెలల తరబడి చేత్తో నేర్చుకొన్నవాడి పేరు, నిద్రలో నేర్చుకొన్నవాడి పేరు కవచం మీద ఒకే అక్షరాల్లో పడేది. కొనేవాడికి తేడా తెలియదు. ధర కూడా ఒక్కటే అవుతుంది, అదీ తక్కువవైపే. పైగా 1990ల చివర్లోనే ఈ ఆటలోని బంగారం, పెరిగిన ఖాతాలు అమెరికాలో ఈబే అనే వేలం అంగట్లో నిజమైన డాలర్లకు అమ్ముడయ్యాయి. అప్పుడిక ఇది ఉత్త ఆట అనడానికి వీల్లేకపోయింది.

విసుగు తగ్గించడానికి సంస్థ ఒక మంచి పని చేసింది. రోజూ ఆట మొదలుపెట్టిన తొలి గంటలో నేర్పు త్వరగా పెరిగే ఏర్పాటు కొంతకాలం పెట్టింది. రాత్రంతా సుత్తి కొట్టనక్కరలేదు, గంట కూర్చుంటే చాలు అన్నమాట. వందమంది కాపలాదారులు చేయలేనిది ఇలాంటి మార్పు కొంతైనా చేయగలదు.

92లో సగం!

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో జాజెక్స్ అనే సంస్థ 2001లో తెచ్చిన 'రూన్‌స్కేప్' కథ ఇంకా చిత్రం. ఇందులో మొదట్లో ఒక్కొక్క విద్యకు 99 మెట్లు ఉండేవి. 99వ మెట్టు చేరడానికి 1,30,34,431 అనుభవపు పాయింట్లు కావాలి. 92వ మెట్టు చేరినవాడు ఇంకేముంది ఏడు మెట్లేగదా అనుకుంటాడు. లెక్క చూస్తే సగం దారే వచ్చి ఉంటాడు! విల్లు చేసి నారి బిగించే పని తీసుకోండి. సంచిలో 28 అరలు. 14 విళ్లు, 14 నారులు. బిగించడం, పెట్టెలో పెట్టడం, మళ్లీ 14 తేవడం. ఇలా లక్షలకు లక్షల పాయింట్లు. ఇలాంటి పనికి మ్యాక్రో పుట్టకపోతేనే ఆశ్చర్యం.

జాజెక్స్ పట్టుకొనే ఉపాయాలు మహా తమాషాగా ఉండేవి. మొదట్లో పని చేసేకొద్దీ అలసట పెరిగే ఏర్పాటు పెట్టారు. అలసట నిండితే పని నేర్పదు. నిద్రపోవాలి. నిద్రలేవాలంటే తెరమీద వంకరటింకరగా కనిపించే పదాన్ని చదివి రాయాలి. మనిషి రాస్తాడు, యంత్రం తడబడుతుంది. తర్వాత అనుకోని అతిథులను పంపేవారు. తవ్వుతుండగా పలుగు తల ఊడి ఎగిరిపోతుంది. ఎవరో ముసలాయన వచ్చి పలకరిస్తాడు. ఒకామె పళ్లెంతో వచ్చి తినుబండారం తీసుకొమ్మంటుంది. సరైనది తీసుకోకపోతే తంటా. మనిషి నవ్వుకొని జవాబిస్తాడు. మ్యాక్రో పలుగు లేకుండానే గాలిలో తవ్వుతూ దొరికిపోతుంది.

కానీ డబ్బు రుచి మరిగినవారు అంత తేలిగ్గా వదలరు. మ్యాక్రోలతో వందల ఖాతాలు నడిపి బంగారం పోగుచేసి అమ్మడం వ్యాపారమైంది. 2007 చివర, 2008 మొదట్లో జాజెక్స్ కఠినంగా దిగింది. ఒకరికొకరు ఇష్టం వచ్చిన ధరకు సరుకు ఇచ్చిపుచ్చుకోవడాన్నే కట్టడి చేసింది. దొంగ దొరకలేదని సంత మూసినట్టయింది. స్నేహితుడికి ఒక కానుక ఇవ్వాలన్నా అడ్డంకే. ఆడేవాళ్లు గోల పెట్టారు, చాలామంది మానేశారు. మూడేళ్ల తర్వాత 2011 ఫిబ్రవరిలో సంత మళ్లీ తెరిచారు. దాని వెంటే మ్యాక్రోలూ తిరిగొచ్చాయి. అదే ఏడాది అక్టోబర్ 25న సంస్థ ఒక్కరోజులో వాటిమీద పెద్ద దెబ్బ వేసింది. ఆ రోజును ఆ ఆటవాళ్లు నేటికీ చెప్పుకుంటారు.

ఈ కథలో నవ్వురాని భాగం ఒకటుంది. దక్షిణ అమెరికాలోని వెనిజులాలో 2010ల మధ్యలో ఆర్థిక వ్యవస్థ కూలిపోయింది. డబ్బు విలువ చిత్తుకాగితమైంది. అక్కడివారు కొందరు ఈ రూన్‌స్కేప్ పాత రూపంలో కూర్చొని, రోజంతా చేత్తో పని చేసి, బంగారం కూడగట్టి డాలర్లకు అమ్మి బియ్యం, పప్పులు కొనుక్కొన్నారు. 2017 తర్వాత ప్రపంచ పత్రికల్లో ఈ సంగతి వచ్చింది. బంగారం అమ్మడం ఆట నియమాల ప్రకారం తప్పే. ఆటలో వాళ్లు కనిపిస్తే వెంటాడి చంపండని మిగతావాళ్లు కొందరు పిలుపులిచ్చారు కూడా. మ్యాక్రో నడిపేవాడు వంద ఖాతాలతో బంగారం కుమ్మరిస్తే ధర పడిపోతుంది. పడిపోయిన ధర ముందుగా తగిలేది, చేత్తో మీట నొక్కుతూ పూట గడుపుకొనే ఇలాంటివాడికే. నిద్రపోతున్న కమ్మరికి ఈ సంగతి తెలిసే వీలు లేదు.

మరో ప్రమాదం ఇంటిదగ్గరే ఉంది. ఊరికే వస్తున్నది గదా అని బయటినుంచి దించుకొన్న మ్యాక్రో ప్రోగ్రాముల్లో కొన్ని పనిచేస్తూనే రహస్యపదాలు దొంగిలిస్తాయి. జీతగాణ్ణి పెట్టుకొంటే ఇంటి తాళాలు పట్టుకుపోయినట్టన్నమాట. ఇంట్లో కుర్రవాడు ఆటలు ఆడే కంప్యూటర్‌లోనే నాన్నగారి బ్యాంకు లావాదేవీలు కూడా ఉంటే ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

పదిహేను వరుసల అనుమతి

జపాన్ సంస్థ స్క్వేర్ ఎనిక్స్ దారి వేరు. వారి 'ఫైనల్ ఫాంటసీ పద్నాలుగు' 2010లో వచ్చి బాగా దెబ్బతింది. దాన్ని మూసి, మళ్లీ కట్టి 2013 ఆగస్టులో తెరిచారు. ఇందులో చేతిపనులు ఎనిమిది. వడ్రంగం, కమ్మరం, కవచాల పని, కంసాలిపని, తోలుపని, నేత, మందుల తయారీ, వంట. 2024లో వచ్చిన భాగంతో మెట్లు 100 అయ్యాయి.

ఇక్కడ సరుకు చేయడం ఒక్క దెబ్బతో పోదు. ప్రతి వస్తువుకూ మూడు లెక్కలుంటాయి. పని ఎంత సాగింది, నాణ్యం ఎంత వచ్చింది, చేతిలోని ముక్క ఇంకా ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుంది. సుత్తి వేసినప్పుడల్లా ఓర్పు తగ్గుతుంది. ఓర్పు అయిపోయేలోగా పని పూర్తికాకపోతే ముక్క విరిగి సరుకు దండగ. నాణ్యానికి మెరుగు దెబ్బలు వేరే. మధ్యలో ముక్కను బాగుచేసే ఉపాయం ఉంది గాని, దానికి పనివాడి సత్తువ చాలా ఖర్చవుతుంది. కంసాలి నగకు ఎంత కాక పట్టాలి, ఎప్పుడు ఆపాలి అని చూసుకొన్నట్టే ఉంటుంది.

దీనికి ఆటలోనే మ్యాక్రో రాసుకోవచ్చు. తప్పు లేదు, శిక్ష లేదు. ఒక చీటీకి 15 వరుసలు మించకూడదు. ఒక్కొక్క వరుసలో చేయవలసిన పని, పక్కన ఎన్ని సెకన్లు ఆగాలో రాస్తారు. మామూలు దెబ్బకు మూడు, ఒంట్లో బలం తెచ్చుకొనే పనికి రెండు. చివరి వరుసలో పని అయిందని గంట మోగేలా పెట్టుకొంటారు. 15 చాలకపోతే రెండో చీటీ, దానికి మళ్లీ ఇంకో మీట. పైగా ఈ చీటీ కొత్త వస్తువును తనంత తాను మొదలుపెట్టలేదు. ప్రతిసారీ మనిషి నొక్కాలి. కాబట్టి టీ తాగుతూ, కబుర్లు చెబుతూ చేయవచ్చు గాని, ఇల్లు వదిలి పోవడానికి లేదు. ఎర్ర అంగీవాణ్ణి పెట్టకుండానే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టారు. బయటి ప్రోగ్రాములకు మాత్రం ఇక్కడా నిషేధమే.

ఈ చీటీకి కళ్లు లేవు. పని మధ్యలో ఒక్కొక్కసారి ముక్క మంచి పదునుకు వస్తుంది. ఆ క్షణంలో మెరుగు దెబ్బ వేస్తే నాణ్యం ఎక్కువ పెరుగుతుంది. చేత్తో చేసేవాడు అది చూసి పట్టుకుంటాడు. చీటీ మాత్రం తన వరుస తాను చదువుకుంటూ పోతుంది. మామూలు సరుకుకు ఆ తేడా లెక్కలోకి రాదు కాబట్టి అందరూ చీటీనే నమ్ముకున్నారు.

అది చూసి సంస్థ 2020లో కొత్తరకం పనులు తెచ్చింది. ఇష్‌గార్డ్ అనే నగరంలో పాడుబడ్డ భాగాన్ని ఆటగాళ్లంతా కలిసి తిరిగి కట్టే సందర్భం అది. ఈ పనుల్లో ముక్క పదును దెబ్బదెబ్బకూ మారుతుంది. ఒకసారి గట్టిగా ఉండి దెబ్బకు సగమే అరుగుతుంది. ఇంకోసారి మెత్తగా ఉండి పనివాడి సత్తువ సగమే ఖర్చవుతుంది. ఏది ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. 15 వరుసల్లో ముందే రాసిపెట్టడానికి కుదరదు. ఎక్కువ పని చేసి ముందువరుసలో నిలిచినవారికి బిరుదులు ప్రకటించారు. చీటీలు మూలన పెట్టి చేత్తో సుత్తి పట్టక తప్పలేదు. ఏళ్ల తరబడి మీట నొక్కి గ్రాండుగా తిరిగినవారిలో ఎంతోమంది ఏ దెబ్బ ఎందుకు వేస్తారో అప్పుడు కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.